ఊడిరాని పోస్టరు

వరద వచ్చిపోయిన ఆ వారంలో వీధి మొత్తమ్మీద అందరికన్నా తెలివితక్కువ పని చేసిందెవరని ఇవాళ ఎవరైనా అడిగితే, మిగతావాళ్ళు మొహమాటపడి చూపు తిప్పుకుంటారు గానీ ప్లాను మాత్రం తనే ముందు చెయ్యెత్తుతాడు. ఎత్తడమే కాదు, అడిగినవాణ్ణి కూర్చోబెట్టి, టీ ఇప్పించి మరీ మొదటినుంచీ చెబుతాడు. మధ్యలో ఎవరైనా జాలిపడి "పోనీలే, నీకు తెలీక చేశావు" అంటే ఒప్పుకోడు. తెలిసే చేశాడు. కథలో అసలు ముక్క అదే.

ప్లాను అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఏ పనికైనా ముందు ఒక ప్లాను గీసి, దానికి రంగులు వేసి, నలుగురికీ చూపించి, ఆ చూపించడంతోనే పని పూర్తయినంత తృప్తిగా పడుకుంటాడని స్నేహితులు పెట్టిన పేరు. ఇరవై మూడేళ్ళొచ్చాయి. ఆఫీసు ఉద్యోగానికి రాసే పరీక్ష మూడుసార్లు తప్పాడు. మూడుసార్లూ చదువుకోవడానికి వేసుకున్న టైంటేబుల్ మాత్రం చూడముచ్చటగా ఉండేది. ఆ టైంటేబుల్‌కే మార్కులు వేసి ఉంటే ఈపాటికి ఎక్కడో పెద్ద సీట్లో ఉండేవాడు.

అతని తండ్రి కుట్టుమిషన్ల మెకానిక్. ఆ వీధిలో నలభై ఒక్క ఇళ్ళు, ఇంటికొక మిషన్. వీధి చివరి ఫ్యాక్టరీ నుంచి కత్తిరించిన చొక్కా గుడ్డలు కట్టలు కట్టి వస్తాయి. ఇళ్ళలో ఆడవాళ్ళు వాటిని కుట్టి వెనక్కి పంపుతారు. పొద్దున లేస్తే వీధంతా మిషన్ల చప్పుడే. ఏ మిషన్‌కి ఏ జబ్బు చేసినా తండ్రి చిన్న తోలు సంచీ పట్టుకుని వెళ్తాడు. గుమ్మంలో నిలబడి ఓ నిమిషం విని, లోపలికి పోకుండానే "బాబిన్ దగ్గర దారం ఇరుక్కుంది" అనేస్తాడు.

ప్లాను కూడా ఆ పని నేర్చుకున్నవాడే. ఏడేళ్ళప్పటినుంచి పదిహేనేళ్ళ దాకా తండ్రి పక్కన కూర్చుని మిషన్లు విప్పాడు, బిగించాడు. పదిహేనో ఏట బడిలో ఎవడో వెధవ దగ్గరికొచ్చి వాసన చూసి "నూనె" అని పేరు పెట్టాడు. ఆ రోజుతో స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. అప్పట్నుంచి ఎవరడిగినా నాకా పని రాదనేవాడు. చెప్పగా చెప్పగా అతనికే నిజమనిపించసాగింది. ఆ మాట తండ్రి చెవిన పడినప్పుడల్లా ఆయన సంచీ సర్దుకుని బయటికి వెళ్ళిపోయేవాడు.

మంగళవారం పొద్దున నీళ్ళు వచ్చాయి. ముందు కాలువలు నిండాయి, తర్వాత గడపలు దాటాయి. మధ్యాహ్నానికి వంటగట్లు మునిగాయి. జనమంతా బడి మేడ మీదికి చేరారు. ప్రాణాలు దక్కాయి, సామాను దక్కలేదు. తండ్రి చివరిదాకా మిషన్లు పైకెక్కించే పనిలోనే ఉన్నాడు. పక్కింటి బొత్తాల పిన్ని మిషన్‌ని అటక మీదికి ఎత్తబోయి జారి పడ్డాడు. చొక్కాలకి బొత్తాలు కుట్టడంలో ఆవిడ చెయ్యి తిరిగినది కాబట్టి అందరికీ ఆవిడ బొత్తాల పిన్ని. మిషన్ నీళ్ళలో పడింది, ఆయన కుడి మణికట్టు విరిగింది. పడవలో పక్క ఊరి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దారులు మునిగిపోవడంతో మూడు రోజులు అక్కడే ఉండిపోయాడు.

తండ్రి చెయ్యి విరిగిన ఆ సమయానికి ప్లాను బడి మేడ మీద ఫోన్‌లో గ్రూపు పెడుతున్నాడు. వరదలో అతను చేసిన మొదటి సేవ అదే. రెండో సేవ ఆ గ్రూపుకి తగిన బొమ్మ ఎంచడం. అందుకు నలభై నిమిషాలు పట్టింది.

అయితే ఆ గ్రూపులో చేరిన పదకొండు మంది కుర్రాళ్ళూ ఆడపిల్లలూ నిజంగా పనిమంతులు. పొడుగు అని అందరూ పిలిచే కుర్రాడు నీళ్ళల్లో నడిచి వెళ్ళి ముసలివాళ్ళని భుజాలమీద మోసుకొచ్చాడు. నర్సు చదువు మొదలుపెట్టి ఇంకా ఆరు నెలలైనా కాని పిల్ల ఒకతె ఉంది. ఆ పిల్లని అప్పుడే అందరూ నర్సమ్మ అనేవాళ్ళు. మంచినీళ్ళు కాచకుండా తాగినవాణ్ణి తాగినచోటే నిలబెట్టి తిట్టేది. గురువారం నీళ్ళు తగ్గాక పన్నెండు మందీ పారలు పట్టుకుని దిగారు. పదకొండు పారలు, ఒక ఈల. ఈల ప్లాను మెడలో ఉంది.

ఆ రోజే బొత్తాల పిన్ని గుమ్మంలో ఒండ్రు పట్టిపోయిన తన మిషన్ పక్కన కూలబడి అతన్ని పిలిచింది.

"ఒరేయ్, నువ్వు మెకానిక్ కొడుకువేగా. మీ నాన్న వచ్చేదాకా ఆగితే ఎట్లాగుంటుందో ఏమో, ఓసారి విప్పి చూడరా."

"నాకా పని రాదు పిన్నీ. నేను పైనుంచి అన్నీ చూసుకోవాలి కదా."

"పైనుంచా? ఎక్కడెక్కుతావు?" అంది పిన్ని అమాయకంగా.

ప్లాను ఈల ఊది అక్కణ్ణుంచి జారుకున్నాడు. కానీ ఆవిడ అడిగిన మాట మనసులో పీకుతూనే ఉంది. నలభై ఒక్క మిషన్లూ తడిసి ఉన్నాయి. సోమవారం పదింటికి ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ ఇల్లిల్లూ తిరిగి చూస్తాడని కబురొచ్చింది. తిరిగే మిషన్ ఉన్న ఇంటికే గుడ్డలు, లేని ఇంటి పేరు లిస్టులోంచి తీసేస్తారు. ఒకసారి తీసేశాక మళ్ళీ ఎక్కడం కల్ల. బయట ఇంకెంతమంది కాచుక్కూర్చున్నారో అందరికీ తెలుసు. అంటే వీధి బతుకంతా ఆ మిషన్ల మీదే ఉంది. ఏదో ఒకటి చెయ్యాలి, చేతికి నూనె అంటకుండా చెయ్యాలి. అందుకే పోస్టరు వేయించాడు.

ఎగువ వీధిలో ప్రింటింగ్ షాపు ఒకటి మునగలేదు. అందులో నలభై ఒక్క పోస్టర్లు, రంగుల్లో, మళ్ళీ వానొచ్చినా చెడకుండా ప్లాస్టిక్ పూతతో సహా వేయించాడు. గోడకి అతికించడానికి చెప్పులు కుట్టే తాత దగ్గర గట్టి జిగురు సంపాదించాడు. పోస్టరు మీద పెద్దక్షరాలతో ఇలా ఉంది: "తడిసిన మిషన్లను మూడు రోజులు ఎండలో పెట్టండి. ఎండే మందు." కింద ఫోటో. వాళ్ళమ్మ మిషన్‌ని వెలుతురు బాగుంటుందని రేకుల కప్పు మీదికి ఎక్కించి, పక్కన తను బొటనవేలు పైకెత్తి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ దిగిన ఫోటో.

మిషన్ పైకెక్కించే ముందు వాళ్ళమ్మ ఒక మాట అంది.

"మీ నాన్న తడిసిన మిషన్‌ని ఎండబెట్టడం నేనెప్పుడూ చూళ్ళేదురా. ముందు కడిగేవారనుకుంటా."

"అమ్మా, కడిగితే మళ్ళీ తడవదూ? కొంచెం బుర్ర పెట్టి ఆలోచించు."

ఆ మాట అనేటప్పుడు అతని బుర్రలో ఒక మూల, తండ్రి చెప్పిన ముక్క పడుకునే ఉంది. బురద నీళ్ళు తాగిన మిషన్‌ని తడి ఆరకముందే మంచినీళ్ళతో కడగాలి, ఆ వెంటనే కిరోసిన్ పట్టించి నూనె వెయ్యాలి. ఆరితే లోపలి ఒండ్రు రాయవుతుంది. పదేళ్ళప్పుడు కంఠతా వచ్చు. కానీ అది గుర్తొచ్చిందని ఒప్పుకుంటే పని వచ్చని ఒప్పుకున్నట్టే. పని వచ్చని ఒప్పుకుంటే ఈల తీసేసి కింద కూర్చోవాలి. అందుకని గుర్తు రానట్టే ఉన్నాడు. ఎండే మందు అన్నది అతను ఆ క్షణంలో కల్పించిన వైద్యం.

వీధి మొత్తం పోస్టరు ప్రకారం నడుచుకుంది. గురువారం సాయంత్రానికి మిషన్లన్నీ గుమ్మాల ముందు బారులు తీరాయి. శుక్రవారం ఎండ మాడ్చేసింది. ప్లాను వీధి ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూ ఒక్కో మిషన్‌కీ తన లిస్టులో టిక్కు పెట్టుకున్నాడు. ఆ రెండు రోజులూ జీవితంలో ఎన్నడూ లేనంత హాయిగా గడిపాడు.

శనివారం మధ్యాహ్నం తండ్రి వచ్చాడు. కుడిచెయ్యి మోచేతిదాకా కట్టు, మెడకి గుడ్డ ఉయ్యాల. వీధి మొదట్లో దిగి, ఎండలో నిలబెట్టిన మిషన్ల వంక చూస్తూ ఆగిపోయాడు. దగ్గరున్న మిషన్ చక్రం మీద ఎడమచెయ్యి వేశాడు. తిప్పాడు, కదల్లేదు. పక్కదాని దగ్గరికెళ్ళాడు, అదీ కదల్లేదు. మూడోది సగం తిరిగి కర్రుమని ఆగింది.

"ఎవరు పెట్టమన్నారు వీటిని ఎండలో?"

"మీ అబ్బాయే అన్నా. ఇదుగో కాగితం కూడా వేయించాడు" అంది బొత్తాల పిన్ని గర్వంగా. "మాకేం తెలుసు, ముందు సందేహించాం. తర్వాత, మెకానిక్ కొడుకు చెప్పాక ఇంకేం ఆలోచించడం అనుకున్నాం."

ప్లాను ఎనిమిదేళ్ళుగా ఏ పేరు వద్దని తప్పించుకు తిరిగాడో ఆ పేరు చూసే వీధంతా అతని మాట నమ్మింది. అతని ఈలని గానీ, గ్రూపుని గానీ, రంగుల అక్షరాలని గానీ ఒక్కరూ లెక్కలోకి తీసుకోలేదు. తండ్రి పేరు మీద అప్పనంగా దొరికిన నమ్మకం అది. దాన్ని తీసుకెళ్ళి ఎండలో పెట్టాడు.

తండ్రి పోస్టరు మొత్తం చదివాడు. బొటనవేలి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు.

"కడగాలని నీకు తెలీదురా?" అన్నాడు మెల్లగా.

అబద్ధమాడటానికి అదే ఆఖరి అవకాశం. తెలీదంటే అంతటితో పోయేది.

"తెలుసు నాన్నా" అన్నాడు ప్లాను. వీధి అంతా విన్నది. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. వాళ్ళమ్మ చీరకొంగుతో మొహం తుడుచుకునే నెపం మీద అటు తిరిగింది.

తండ్రి తన కట్టు వంక ఒకసారి, మిషన్ల వంక ఒకసారి చూసుకున్నాడు. "సోమవారం పదింటికి కదూ వచ్చేది? ఇవాళ సగం పూట, రేపొక పగలు ఉంది. నాకు చెయ్యి లేదు. మొత్తం మీ వయసువాళ్ళు ఎంతమంది ఉన్నారు?"

"పన్నెండు మందిమి."

"నీతో కలిపా, నిన్ను తీసేసా?"

ప్లాను మెడలోంచి ఈల తీసి పొడుగుగాడి చేతిలో పెట్టాడు. "నాతో కలిపే" అన్నాడు.

బడి కింది గదిలో బల్లలన్నీ గోడలకి జరిపారు. పొడుగు ఆ ఈల ఎక్కడో పారేసి, మిషన్లు రెండేసి చొప్పున భుజాన వేసుకుని తెచ్చి పడేశాడు. తండ్రి గది మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన పనికి ఒక పద్ధతుంది. మిషన్ పక్కన తెల్లగుడ్డ పరవాలి. విప్పిన ప్రతి మరనీ విప్పిన వరసలో ఎడమనుంచి కుడికి దాని మీద పేర్చాలి. బిగించేటప్పుడు కుడినుంచి ఎడమకి రావాలి. గుడ్డ మీద మరలున్నంతసేపూ నోరు మెదపకూడదు. మాటల్లో పడితే వరస తప్పుతుంది, వరస తప్పితే మిషన్ పాడవుతుంది.

పన్నెండు మంది కుర్రకారుని నోరు మూసుకుని కూర్చోబెట్టడం వరదని ఆపినంత పని. నర్సమ్మ మాత్రం ఆ పద్ధతి వినగానే "మాకు ఆపరేషన్ గదిలో కూడా ఇంతే మావయ్యా" అని అందరికన్నా ముందు కూర్చుంది. ఒక్కొక్కరికీ ఒక్కో పని పడింది. ఇద్దరు పైమూతలు విప్పడం, ముగ్గురు పాత పళ్ళబ్రష్షులతో, సూదులతో ఎండిన ఒండ్రు గీకడం, ముగ్గురు కిరోసిన్ పట్టించడం, ఇద్దరు తుడిచి నూనె వెయ్యడం, పొడుగుది మోత. లోపలి షాఫ్టు అనే ఇరుసుని కదిలించి, బాబిన్ కూర్చునే షటిల్ విప్పి, సరిచేసి మళ్ళీ బిగించే పని తెలిసినవాడు గదిలో ఒక్కడే. వాడు ఎనిమిదేళ్ళ తర్వాత స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు.

మొదటి మిషన్ తీసుకున్నప్పుడు రెండు మరలు జారి కిందపడ్డాయి. తండ్రి చెప్పుకాలితో వాటిని మెల్లిగా అతని వైపు తోశాడు. మూడో మిషన్‌కి వేళ్ళకి దారి గుర్తొచ్చింది. ఐదో మిషన్ బిగించి చక్రం తిప్పితే తిరిగింది. తండ్రి కళ్ళు మూసుకుని విని, "ఇంకొక చుక్క నూనె, వెనకాల" అన్నాడు. ప్లాను వేశాడు. మళ్ళీ తిప్పితే చప్పుడు మెత్తబడింది. అప్పుడు అతనికి ఏడుపొచ్చింది. గుడ్డ మీద మరలు లేవు కాబట్టి ఏడవడానికి అనుమతి ఉంది గానీ పక్కన పదకొండు మంది ఉన్నారు. కిరోసిన్ కంట్లో పడిందని చెప్పాడు. నర్సమ్మ నిజమే అనుకుని పరుగెత్తుకొచ్చి చెంబెడు నీళ్ళు మొహాన కొట్టింది.

శనివారం చీకటి పడేసరికి తొమ్మిది అయ్యాయి. ఆదివారం తెల్లవారగానే మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఇరవై ఎనిమిది, సాయంత్రం నాలుగింటికి ముప్పై ఎనిమిది. ఆడవాళ్ళు కిటికీ బయట నిలబడి, తమ మిషన్ చప్పుడు వినబడగానే ఎవరికి వారు గుర్తుపట్టి లోపలికి వచ్చి పట్టుకెళ్ళారు. ఒకటీ తారుమారు కాలేదు.

చివరికి మూడు మిగిలాయి. బొత్తాల పిన్నిది, వీధి మలుపులో ఉండే ఒక ముసలావిడది, వాళ్ళమ్మది. మొదటిదానికి షటిల్, రెండోదానికి కింది పళ్ళచక్రం తుప్పు తిని అరిగిపోయాయి. కొత్తవి కావాలంటే పట్నం పోవాలి, దారి ఇంకా తెరవలేదు. వాళ్ళమ్మదాని సంగతి వేరు. కింది భాగాలు అద్దంలా ఉన్నాయి, ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ వారం తప్పకుండా నూనె వేసుకుంది. పై షాఫ్టు మాత్రం ఉలకలేదు, పలకలేదు. మిగతావన్నీ గుమ్మాల ముందు కాస్తో కూస్తో నీడలో ఉన్నాయి. దాన్ని ఫోటో కోసం రేకుల కప్పు మీదికెక్కించి, దించడం మర్చిపోయాడు. రెండు రోజులు కింద రేకు, పైన ఎండ. తండ్రి ఎడమచేత్తో మూడుసార్లు ప్రయత్నించి వదిలేశాడు.

"ఇది రాదు" అన్నాడు.

ప్లాను ఆ చక్రం పట్టుకుని గంటసేపు పెనుగులాడాడు. అరచేయి చీరుకుపోయింది. వాళ్ళమ్మ వచ్చి అతని పక్కన నేల మీద కూర్చుంది.

"ఇందులో కిందివన్నీ బాగున్నాయన్నావుగా. తీసి వాళ్ళిద్దరివాటికీ వేసెయ్యి."

"అమ్మా, అవి తీసేస్తే ఇంక ఇది..."

"తెలుసులేరా. ఒక ఇల్లు పోవడం నయమా, మూడిళ్ళు పోవడం నయమా? తియ్యి. చీకటిపడుతోంది."

తండ్రి వంక చూశాడు. ఆయన తలూపి, తనే వంగి, ఒంటిచేత్తో తెల్లగుడ్డ పరిచాడు. ఆ మిషన్ ఆయన పెళ్ళికి ముందు పాత ముక్కలన్నీ ఏరి సొంతంగా తయారుచేసి భార్యకిచ్చినది. ప్లాను ఒక్కో మరా విప్పి ఎడమనుంచి కుడికి పేర్చాడు. ఈసారి ఎవరూ మాట్లాడొద్దని చెప్పనక్కర్లేకపోయింది. షటిల్ పిన్ని మిషన్‌కి, పళ్ళచక్రం ముసలావిడ మిషన్‌కి వెళ్ళాయి. రెండూ తిరిగాయి. గుడ్డ మీద మిగిలిన మరల్ని కుడినుంచి ఎడమకి బిగించుకుంటూ రావడానికి ఇక మిషనంటూ లేదు.

సోమవారం సూపర్‌వైజర్ పదింటికి వచ్చాడు. నలభై ఇళ్ళలో చక్రం తిప్పి చూసి టిక్కు పెట్టాడు. నలభై ఒకటో ఇంట్లో కొట్టివేత గీత గీశాడు.

"మెకానిక్ గారి ఇంట్లోనే మిషన్ లేదా!" అని నవ్వాడు కూడా. బొత్తాల పిన్ని కయ్యానికి దిగబోతే వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. సూపర్‌వైజర్ వెళ్ళాక పిన్ని ఆవిణ్ణి లాక్కెళ్ళి తన మిషన్ ముందు కూర్చోబెట్టింది. "పొద్దున నేను, మధ్యాహ్నం నువ్వు. లిస్టులో పేరు ఎవరిదైతేనేం" అంది. అలా ఇరవై ఆరేళ్ళు సొంత మిషన్ తొక్కిన మనిషి పక్కింట్లో వంతు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది.

అదే రోజు మధ్యాహ్నం ప్లాను చిన్న గీకుడు కత్తి పట్టుకుని పోస్టర్లు పీకడానికి బయల్దేరాడు. తన జీవితంలో నాణ్యంగా చేసిన పని అదొక్కటేనని అప్పుడు అర్థమైంది. ఆ పూత, ఆ జిగురు! గోళ్ళు అరిగాయి. ఒక్కో గోడకీ పావుగంట పట్టింది. పిల్లలు వెనకాల చేరి, పోస్టరులో ఉన్నట్టే బొటనవేళ్ళెత్తి పళ్ళికిలించి నవ్వారు. నలభై పీకి, సాయంత్రానికి సొంత గుమ్మం దగ్గరికి చేరాడు.

కత్తి ఆనించబోతుంటే, పిన్ని ఇంట్లో వంతు ముగించుకుని వాళ్ళమ్మ వచ్చింది.

"అది తియ్యకురా."

"ఎందుకమ్మా, పోయిన పరువు చాలదూ? రోజూ పొద్దున్నే నా మొహం నేనే చూసుకోవాలా?"

"నీ మొహం ఎవడిక్కావాలి" అంది ఆవిడ. చేత్తో పోస్టరు మీది దుమ్ము తుడిచింది. అతని నవ్వునీ, బొటనవేలినీ వదిలేసి, మిషన్ ఉన్న మేర మాత్రమే తుడిచింది. "నా మిషన్‌కి ఫోటో తీసింది ఈ ఒక్కసారే. ఇంకెక్కడా లేదు."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. లోపల తండ్రి ఎడమచేత్తో తోలు సంచీ సర్దుతున్న చప్పుడు వినిపించింది. మలుపులో ఎవరిదో మిషన్ మొరాయిస్తోందని కబురొచ్చినట్టుంది. కాసేపటికి ఆయన గుమ్మంలోకి వచ్చి, సంచీ కొడుకు భుజానికి తగిలించి, ముందు నడిచాడు.

ప్లాను వెంటనే కదల్లేదు. పోస్టరు ఒక మూల కత్తి తగిలి కొంచెం లేచి ఉంది. గురువారంనుంచీ జేబులోనే ఉండిపోయిన జిగురు డబ్బా తీసి ఆ మూలకి రాసి, ఊడిరాకుండా బొటనవేలితో గట్టిగా ఒత్తాడు. ఆ తర్వాత సంచీ సర్దుకుని తండ్రి వెనకాల నడిచాడు.